గవాచికి మూత పెట్టిన వేసవి

మీ ఇంట్లో ఏసీ ఉంటే దానికి ఒక నమస్కారం పెట్టి, ఆ తర్వాత ఇది చదవండి. ఎందుకంటే ఒక వేసవిలో, మిట్టమధ్యాహ్నం, నడివీధిలో మా కుటుంబం మొత్తాన్ని కళ్లూ ముక్కూ కారుస్తూ నిలబెట్టిన ఘనత నాది. చూసినవాళ్లు ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు. పక్కవీధి ఆవిడ పరామర్శకు కూడా వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఎప్పుడు పోయినారమ్మా?" అని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. గొంతు నిండా ఎండుమిరపకాయల ఘాటు కూర్చుని ఉంది.

అసలు సంగతి మొదటినుంచీ చెబుతాను. నవ్వుకోండి, కానీ మధ్యలో లేచి పోకండి. ఇంత సిగ్గు విడిచి మళ్లీ చెప్పలేను.

మాది కర్నూలు పాతబస్తీలో మట్టి మిద్దె. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో పిల్లలు పడుకుని హోంవర్కు చేసుకోవచ్చు. పైన దూలాలు, వాటి మీద బండలు, బండల మీద మట్టి. నట్టింటి కప్పులో ఒకటి, వంటింటి కప్పులో ఒకటి గవాచిలు ఉన్నాయి. గవాచి అంటే తెలియనివాళ్లకు చెబుతున్నా: వెలుతురు లోపలికి రావడానికి, పొగ, వేడి బయటికి పోవడానికి మిద్దెలో వదిలిన కంత. వాన వస్తే పైన రేకు కప్పుతాం, వాన పోతే తీసేస్తాం. మా ఊళ్లో వాన ఎలాగూ చుట్టపుచూపుగానే వస్తుంది కాబట్టి రేకుకు పెద్దగా పని ఉండదు. ఎండ మాత్రం ఇంటిమనిషి. వచ్చేది ఉండదు, పోయేది ఉండదు, ఎప్పుడూ ఉంటుంది.

మా ఆయన నాగరాజుకు స్టీలు సామాన్ల అంగడి. మనిషి మెత్తన. పొద్దంతా గిన్నెల చప్పుడు వినీ వినీ ఇంటికొచ్చాక ఎవరు ఏం చప్పుడు చేసినా పట్టించుకోడు. చప్పుడు చేసేది ఎవరో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు ఆలూరు నుంచి పెద్దత్త కంటి ఆపరేషనుకు కర్నూలు వచ్చింది. పెద్దత్త అంటే మా మామ అక్క. మా ఆయన చిన్నప్పుడే తల్లి పోతే, ఆయన్నీ తమ్ముణ్నీ తన చేతులమీద పెంచిన మనిషి. ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు: దుమ్ము, పొగ దగ్గరికి రానివ్వద్దు, గట్టిగా దగ్గకూడదు, తుమ్మకూడదు, కొన్నాళ్లు చల్లని చోట ఉంచండి అని.

చల్లని చోటు ఎవరిది? అక్కడ మొదలైంది అసలు కథ.

నా తోడికోడలు సరళ కొత్త కాలనీలో ఫ్లాటులో ఉంటుంది. ఆస్పత్రి వరండాలోనే అనేసింది. "అక్కా, అత్తను మా ఇంటికి పిల్చుకపోతాం. మా కాడ అన్ని రూముల్లోనూ ఏసీ ఉండాది. మీ ఇంట్లోనైతే పైనుంచి మట్టి అదీ రాలుతుంటాది. ఆపరేషనైన కన్ను గదా, మరి..."

ఆ "మరి" తర్వాత ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను గుచ్చింది. మాటలు పూర్తిచేసేవాళ్లతో పోట్లాడవచ్చు. "మరి" దగ్గర ఆపేసి చిరునవ్వు నవ్వేవాళ్లను ఏం చేయగలం?

మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నట్టింట్లో అత్త మంచం ఎక్కడ వేయాలో ఆలోచించి పెట్టుకున్న మనిషి. తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. అది చూసి నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"మా ఇంటికి కూడా ఏసీ వస్తాండాది, సరళా. రేపే!" అన్నాను.

మా ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ వార్త ఆయన కూడా అప్పుడే విన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాత ఏసీలు అమ్మే ప్రభాకర్ వచ్చాడు. మెడలో కొలత టేపు, చెవిలో ఇయర్‌ఫోను, నోట్లో వక్కపొడి. ఇంట్లోకి అడుగుపెట్టి, తల పైకెత్తి, చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా పెదవి విరిచాడు.

"ఏం మేడం, ఇది ఇల్లా, జల్లెడా? పైన కంతలు, కింద సందులు, కిటికీలకు అద్దాల్లేవు. ఈడ ఏసీ పెడితే వీధి సల్లగైతాది గానీ మీ ఇల్లు కాదు."

"మరి ఏం చేయాల?"

"మొత్తం మూసెయ్యాల మేడం. చీమ కూడా ఊపిరాడక సావాల. అప్పుడు జూడు మీ ఇల్లు ఊటీ."

ఊటీ అన్న మాట నా చెవిలో పడగానే మిగతా తెలివి మొత్తం అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన మెల్లగా అన్నాడు, "ఏమే పద్మా, గవాచి మూసేస్తే తాలింపు పొగ యాడికి పోతాది?"

"ఏసీ పీల్చుకుంటాది."

"పీల్చుకుని?"

"బయటికి వదుల్తాది. ఏసీ అంటే ఏమనుకున్నారు? మీరు గమ్మునుండండి, మీకు గిన్నెలు తప్ప ఏమి తెలుసు?"

ఏసీ పొగను పీల్చి బయటికి వదలదని, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన ముఖాన కొడుతుందని నాకు అప్పటికి తెలియదు. తెలిసిన ప్రభాకర్ వక్కపొడి నములుతూ తల ఊపాడు. ఆ ఊపడాన్ని నేను నా మాటకు సాక్ష్యం అనుకున్నాను. వాడు ఇయర్‌ఫోన్లో పాట వింటున్నాడని తర్వాత తెలిసింది.

పని మొదలైంది. గవాచిల మీద నాపబండలు పరిచి చుట్టూ సిమెంటు పూయించాను. రేకు చాలదా అని మేస్త్రీ అడిగితే, "రేకు తాత్కాలికం, నాకు శాశ్వతం కావాలి" అన్నాను. కిటికీలకు థర్మాకోలు అట్టలు పెట్టి టేపు అంటించాను. వీధి తలుపు అంచులకు రబ్బరు పట్టీ కొట్టించాను. ఆ పట్టీ పుణ్యమా అని తలుపు తీయాలంటే కాలు గోడకు తన్నిపెట్టి లాగాల్సి వచ్చేది.

ఇక అది గోడలోకి దూర్చే విండో ఏసీ కావడంతో, సందు వైపు కిటికీ లేక గోడకే కంత కొట్టించాం. గోడంటే మామూలు గోడా, మా తాతల నాటి గోడ. ఏసీ దాని మందంలో సగానికి కూడా రాలేదు. వెనకభాగం గోడలోనే ఉండిపోయి, నూతిలో పడ్డ దున్నపోతులా రొప్పడం మొదలుపెట్టింది. ప్రభాకర్ తల గోక్కుని, "బైట పక్క ఇంకా పెద్దగా కొట్టాల మేడం" అన్నాడు. కొట్టారు. కొట్టగా కొట్టగా బయటివైపు ఆ కంతలో ఒక మనిషి వంగి కూర్చునేంత చోటు వచ్చింది. అప్పటికి ఏసీ ఊపిరి పీల్చుకుంది.

సందుకు అవతల హుసేన్‌బీ ఇల్లు. ఆమె టైలరింగు చేస్తుంది, కోళ్లు పెంచుతుంది. నాకు అక్కలాంటిది. ఏసీ వదిలే వేడిగాలి నేరుగా ఆమె గుమ్మానికి కొడుతుంటే, గొడవకు వస్తుందని భయపడ్డాను. ఆమె వచ్చింది గానీ గొడవకు కాదు.

"పద్మా, మీ మిషను మధ్యాన్నం దాకా ఆపొద్దమ్మా. సందులో వడియాలు పెట్టినా. ఎట్ల ఎండుతాండాయో జూడు, గలగలమంటాండాయి."

అలా నా ఏసీ వల్ల మొదట లాభపడ్డవి హుసేన్‌బీ వడియాలు.

మేమెంత లాభపడ్డామంటారా? నిజం చెబుతాను. నట్టింటి కప్పు గుడి మంటపమంత ఎత్తు. ఏసీ చిన్నది. దాని ముందు నిలబడితే ముక్కు చివర చల్లగా ఉండేది. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్లీ కర్నూలే. అయినా నేను భుజాల చుట్టూ శాలువా కప్పుకుని ఫోటో దిగి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "సలికి తట్టుకోలేకుండాము" అని కింద రాశాను. శాలువా లోపల చెమట ధారలు కట్టింది. ఫోటోలో అది కనిపించదు కదా.

పని అయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉంచిన పెద్దత్తను తెచ్చుకున్నాం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మంచం మీద కూర్చుని, చుట్టూ చెవి పెట్టి విన్నది.

"ఏమ్మే పద్మా, కాకి అరుపు ఇనపడదు, మనిషి మాట ఇనపడదు. నన్ను యాడ పెట్టినావు? ట్రంకుపెట్టెలోనా?"

"ఏసీ రూమత్తా. చల్లగా లేదా?"

"ఉండాదిలే," అంది అత్త. నా మనసు నొప్పించడం ఇష్టంలేని గొంతుతో. "కాకపోతే, సల్లగుండే ట్రంకుపెట్టె."

ఇంటికి కొత్త చట్టాలు తెచ్చాను. తలుపు తెరిచి పట్టుకుని మాట్లాడకూడదు. వచ్చినవాళ్లు లోపలికి వస్తారో బయటే ఉంటారో వీధిలోనే తేల్చుకోవాలి. సాంబ్రాణి వేయకూడదు. పాలవాడు తలుపు సందులోంచి ప్యాకెట్ తోసేసి పోవాలి. మా ఆయన అంగడి నుంచి రాగానే తలుపు బయటే నిలబడి చెప్పుల దుమ్ము దులుపుకుని, "వస్తాండా" అని కేకేసి, నేను లోపలినుంచి లాగుతుంటే ఆయన బయటినుంచి తోస్తూ, ఒక్క ఉదుటున వచ్చి పడేవాడు. వీధిలో పిల్లలకు అది రోజూ సాయంత్రం సర్కసు.

వంట విషయంలో మాత్రం నాకే తెలియకుండా జాగ్రత్త పడుతూ వచ్చాను. అత్తకు కారం వద్దని చప్పటి పప్పు, పెరుగన్నం, ఇడ్లీ. పొయ్యి మీద ఘాటైనది ఏదీ ఎక్కలేదు. అందుకే అన్ని రోజులు బతికిపోయాం.

ఒక ఆదివారం సరళ, మా మరిది అత్తను చూడ్డానికి వస్తామని ఫోను చేశారు. నాకు పండగే అయింది. ఇల్లంతా సర్ది, ఏసీకి కూడా తడిగుడ్డతో ముఖం తుడిచాను. అత్త పొద్దున్నే పిలిచింది.

"నోరు సప్పగుండాది మే. శెనక్కాయల ఊరిబిండి నూరి పెట్టవా? కొర్రబువ్వలోకి ఇంత నెయ్యేసుకుని తింటా. కన్నుకు ఆపరేషను జేసినారు గానీ నాలికెకు జేయలేదు గదా."

పెంచిన తల్లిలాంటి మనిషి నోరు తెరిచి అడిగింది. పైగా ఊరిబిండి నూరడంలో నాకు పేరుంది. వేరుశెనగ విత్తనాలు, ఎండుమిరపకాయలు దోరగా వేయించి, చింతపండు, ఉప్పు, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, వేసి రోట్లో నూరే పచ్చడి అది. సరళ ఇంట్లో రోలు లేదు. ఈ దెబ్బతో ఆమె ఏసీనీ ఓడిస్తాను, మిక్సీనీ ఓడిస్తాను అనుకున్నాను. మామూలు మిరపకాయలు కాదు, డబ్బా అడుగున దాచుకున్న మంచి ఘాటైనవి తీశాను.

వేరుశెనగ విత్తనాలు వేగాయి. మిరపకాయలు బాణలిలో వేసి, చుక్క నూనె పోసి, గరిటె పట్టుకున్నానో లేదో, వీధి తలుపు ధడేలుమంది. మా ఆయన లాగాడు, మరిది తోశాడు, సరళ లోపలికి వచ్చి పడింది.

ఇప్పుడు మీరే చెప్పండి. తోడికోడలు మొదటిసారి నా ఏసీ చూడ్డానికి వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉంటానా? ఉండలేదు, శాలువా కప్పుకుని నట్టింట్లోకి పరిగెత్తాను.

"రా సరళా, రా. ముందు తలుపెయ్యి, చల్లదనం పోతాది. ఇట్ల రా, ఈడ నిలబడు. ఇంకా దగ్గరికి. ముక్కు ముందుకు పెట్టు."

సరళ ముక్కు ముందుకు పెట్టింది. "సల్లగానే ఉండాదక్కా" అంది, ఒప్పుకోక తప్పనట్టు.

ఆ మాటతో నేను నేల మీద నిలవలేదు. రిమోటు తీసుకుని వివరించడం మొదలుపెట్టాను. ఇది గాలి తిప్పే బొత్తాం, ఇది నిద్రపోయేటప్పుడు నొక్కేది, ఇది ఏమిటో ప్రభాకర్‌కు కూడా తెలియదు. సరళకు అన్నీ తెలుసు, వాళ్లింట్లో అన్ని రూముల్లోనూ ఉన్నాయి. అయినా తలూపింది. నేను చెబుతున్నాను, చెబుతున్నాను.

వంటింట్లో మిరపకాయలు ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి, ఆ తర్వాత వాటి ఇష్టం వచ్చిన రంగుకు మారాయి.

ముందు మా ఆయన తుమ్మాడు. ఆయన తుమ్ము చిన్నది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మరిది తుమ్మాడు. తర్వాత సరళ "అక్కా, ఏదో..." అని మొదలుపెట్టి, ఆ మాట కూడా పూర్తిచేయలేకపోయింది. ఆమె మాట మధ్యలో ఆగితే నాకు సంతోషం కలిగిన సందర్భం అదొక్కటే. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఆ వెంటనే నా గొంతులో ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టయింది.

"పొయ్యి!" అని అరిచి వంటింట్లోకి పరిగెత్తాను. నీలం రంగు పొగ. పొయ్యి ఆపేశాను, బాణలి తీసి నీళ్ల తొట్టిలో పడేశాను. చుయ్ మని ఇంకొక మేఘం లేచింది. మామూలుగా ఇలాంటి పొగ తలెత్తి గవాచి వైపు చూసుకుని మర్యాదగా పైకి పోయేది. ఇప్పుడు పైకి వెళ్లి, నాపబండకు తల కొట్టుకుని, వెనక్కి తిరిగి, నట్టింట్లోకి నడిచింది.

"కంగారు పడొద్దు! ఏసీ పీల్చుకుంటాది!" అంటూ రిమోటు అందుకుని గాలిని పూర్తిగా పెంచాను.

పీల్చుకుంది. పీల్చుకుని, చల్లబరిచి, ఘాటు ఏమాత్రం తగ్గకుండా, ఒక్కొక్కరి ముఖానికి పంచిపెట్టింది. చల్లటి మిరపకాయ పొగ మీరెప్పుడైనా పీల్చారా? వేడి పొగ బయటే కొడుతుంది. చల్లటిది ఆప్యాయంగా లోపలికంటా వెళ్లి పలకరిస్తుంది.

"తలుపు తీయండి!" అని మరిది.

"తీయొద్దు, చల్లదనం పోతాది!" అని నేను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. దేవుడా, ఆ మాట నేనే అన్నాను. సరళ ఇప్పటికీ పెళ్లిళ్లలో అది అనుకరించి చూపిస్తుంది.

అప్పుడు వినిపించింది, పెద్దత్త దగ్గు.

ఆ దగ్గుతో నాకు శాలువా ఊడింది, గర్వం ఊడింది. డాక్టరు దగ్గవద్దన్న మనిషి, తుమ్మవద్దన్న మనిషి, నల్ల కళ్లద్దాల మీద రెండు చేతులూ అదిమిపట్టుకుని మంచం మీద ముడుచుకుపోతోంది. ఏ కంటి కోసం ఇంటిని మూశానో ఆ కన్ను పోతే? మా ఆయన ముఖం ఎలా చూడను?

ఎప్పుడూ గట్టిగా అడుగు కూడా వేయని మా ఆయన అత్తను రెండు చేతుల్లో ఎత్తుకుని, నా రబ్బరు పట్టీ తలుపును ఒక్క తన్ను తన్నాడు. తలుపు తెరుచుకోవడం కాదు, పట్టీతో సహా సగం ఊడి వేలాడింది. అందరం వీధిలోకి వచ్చి పడ్డాం.

ఇక వీధి సంగతి. తలుపులోంచి పొగ. ఏసీ పక్కనున్న సందుల్లోంచి పొగ. మిద్దె మీద బండ అంచుల్లోంచి పొగ. హుసేన్‌బీ భర్త దస్తగిరి అది చూసి, "ఇల్లు కాలుతాండాది!" అని కేకేసి, గడ్డపార పట్టుకుని మా మిద్దె ఎక్కాడు.

"కాలలేదన్నా, మిరపకాయలు!" అని చెప్పాలని నా ప్రయత్నం. నోట్లోంచి "మి... మి... మి..." తప్ప ఏమీ రాలేదు.

"మీద ఎవరో ఉన్నారంటాండాది!" అని జనంలో ఒకాయన అర్థం చెప్పాడు. దస్తగిరి మరింత గట్టిగా పొడిచాడు. శాశ్వతంగా ఉండాలని నేను వేయించిన బండ, ముక్కలు ముక్కలై, సిమెంటుతో, తాతల నాటి మట్టితో కలిసి నట్టింట్లో సోఫా మీద కూలింది. కంతలోంచి నీలం పొగ ఒక్కసారిగా ఆకాశంలోకి లేచింది. వంటింటి బండను కూడా ఆయన అదే ఊపులో తీర్చేశాడు.

ఇంతలో ఇంకొక పుణ్యాత్ముడు, పొగ ఏసీలోంచి వస్తోంది కాబట్టి మంట కూడా అక్కడే ఉంటుందని లెక్కవేసి, సందులోంచి బిందెడు నీళ్లు దాని వీపు మీద కుమ్మరించాడు. టప్పుమని ఒక చప్పుడు. ఆ తర్వాత ఏసీ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

పరామర్శకు వచ్చినావిడ సంగతి ముందే చెప్పాను. ఆమెకు సమాధానం హుసేన్‌బీ ఇచ్చింది. "ఎవురూ పోలేదు. ఊరిబిండి జేస్తాండారు, అంతే!"

అత్తను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా నేను మొక్కని దేవుడు లేడు, మస్తానయ్య దర్గాకు కూడా మొక్కాను. డాక్టరు చీకటిగదిలో అత్త కన్ను చూస్తున్నంతసేపూ మా ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చివరికి డాక్టరు బయటికి వచ్చి, "కన్ను బాగుంది" అన్నాడు. నేను బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపులో మిరపకాయల వాటా లేదు.

"దుమ్ము, పొగ, దగ్గు, తుమ్ము వద్దన్నాను కదా. అన్నీ ఒకే పూటలో ఎలా ఏర్పాటు చేశారు?" అని అడిగాడు డాక్టరు. "మూసిన ఇంట్లో పేషెంటు పక్కన మిరపకాయలు వేయించింది ఎవరు?"

మా ఆయన పైకప్పు వైపు చూశాడు. మరిది ఫోను చూశాడు. సరళ మాత్రం నా వైపు చాలా దయగా చూసింది.

అత్త అట్నుంచి అటే సరళ ఫ్లాటుకు వెళ్లిపోయింది. ఆపడానికి నాకు ఏ ముఖముంది? ఇంటికి వచ్చాక మా ఆయన ఖాళీ మంచాన్ని దులిపి, గోడకు నిలబెట్టి, "అన్నం ఉండాదా?" అన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రోజు నాకు అన్నం దిగేది.

ప్రభాకర్ వచ్చి ఏసీని విప్పి చూశాడు. లోపల మసి, మట్టి, నీళ్లు, ఒక మిరపగింజ. "మిషన్ని వాడినారా మేడం, వండినారా?" అని అడిగి మోసుకుపోయాడు. సందు వైపు గోడలో మనిషి కూర్చునేంత కంత మిగిలింది. దాన్ని మూయిద్దామని మా ఆయన అన్నాడు. మూయడం అన్న మాట వింటేనే నాకు దగ్గు వచ్చేది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ వాయిదా వేశాను.

మనం వాయిదా వేస్తే కోళ్లు వేస్తాయా? హుసేన్‌బీ కోళ్లు ఆ కంతను చూసి, ఇంత నీడ, ఇంత లోతు తమ కోసమే కట్టారనుకుని, గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

"నీ గోడలో పెడితే గుడ్లు నీవా, నావా?" అని నవ్వుతూ వచ్చింది హుసేన్‌బీ. ఆ గొడవ వద్దని, ఉతికిన గోనెసంచి ఒకటి తెచ్చి, నీళ్లు కారుతుండగానే కంతకు అడ్డంగా వేలాడదీసింది. "తడి బరువుంటే కోళ్లు దూరవు. ఎండితే మళ్లా తడుపుతా" అంది.

నేను ఆ మధ్యాహ్నం నట్టింట్లో చాప వేసుకుని, నా బతుకును తలుచుకుంటూ పడుకున్నాను. కాసేపటికి పాదాలకు చల్లగా తగిలింది. ఏసీ ఆత్మ వచ్చిందేమోనని లేచి కూర్చున్నాను. బయట వడగాడ్పు ఈలలు వేస్తోంది. అదే గాడ్పు తడి గోనెసంచిలోంచి దూరి, చల్లబడి, నట్టింట్లో తిరిగి, వేడిని వెంటబెట్టుకుని పగిలిన గవాచిలోంచి పైకి పోతోంది. శాలువా అవసరం లేదుగానీ, చెమట మాత్రం పట్టలేదు. సాయంత్రం మా ఆయన వచ్చి, విరిగిన తలుపు దాటి, నట్టింటి మధ్యలో ఆగిపోయాడు.

"ఏం జేసినావే?"

"నేనేం చేయలేదు."

"అందుకే బాగుండాది," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మీద వేసిన మొదటి జోకు అది. నేనూ నవ్వాను. నవ్వే హక్కు ఆయనకు లేదని చెప్పే స్థితిలో నేను లేను.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. పెద్దత్త, చేతిలో సంచి, వెనకాల సరళ.

"ఆ పిల్ల బంగారమే గానీ," అంది అత్త, "ఆ మిషను సలి ఎముకల్లోకి పోతాండాది నాయనా. ఆపితే ఉడుకు, పెడితే వణుకు. ఆ ట్రంకుపెట్టె కన్నా ఈ ట్రంకుపెట్టే మేలనుకుని వస్తిని."

మా ఆయన మంచం వాల్చి వేశాడు. కంతకు ఎదురుగా వేశాడు. అత్త ఒరిగి పడుకుని, గాలి తగిలేసరికి తల తిప్పి, కళ్లద్దాలు కాస్త పైకెత్తి, బాగుపడ్డ కంటితో గోడకేసి చూసింది.

"ఇదేందిరా నాగా, ఈడ గోడకు ఇంత కంత పెట్టినారు? శానా సల్లగుండాది. ఎవురో బాగా సదువుకున్న ఇంజనీరు పెట్టినట్టుండాడే!"

మా ఆయన గోడకు ముఖం తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. సరళ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ కోడలే పెట్టించింది అత్తా," అన్నాడు చివరికి. "ఒక ఏసీ, రెండు నాపబండలు, ఒక సోఫా, ఒక తలుపు ఖర్చయినాయి. కంత మాత్రం కుదిరింది."

ఆ తర్వాత సంగతి కూడా వినండి. ప్రభాకర్ ఇప్పుడు పాత మిద్దెల వాళ్ల దగ్గరికి పోయి, "గవాచి మూయొద్దు మేడం, గోడకు కంత పెట్టుకోండి, ప్రకృతి కూలింగు" అని చెప్పి దానికీ ఫీజు తీసుకుంటున్నాడట. నమూనాగా ఫోనులో చూపించేది మా గోడ ఫోటోనే. అందులో గోనెసంచి పక్కన ఒక కోడి కూడా ఉంది.

కాబట్టి చదివేవాళ్లందరి సమక్షంలో, కర్నూలు ఎండ మీద ఒట్టేసి, నేను ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట మా ఇంట్లో గాలి పోయే ఏ కంతకూ మూత పెట్టను. ఊటీ అన్న మాట ఎవరి నోట విన్నా చెవులు మూసుకుంటాను. తోడికోడలు వచ్చినప్పుడు ఏ రిమోటూ చేత పట్టను. ఈ ప్రతిజ్ఞను ఇంకా ఘనంగా, ఇంకా విపులంగా రాయాలనే ఉంది గానీ, వంటింట్లో బాణలిలో మిరపకాయలు వేసి వచ్చాను, వాసన వస్తోంది. పోతున్నా.